వదిన గొంతుకు మిల్ట్రీ వాల్వు

"అవ్వా, బెంగుళూరు ఫ్యాక్టరీలో నువ్వు చేస్తాండింది రేడియో బల్బులేనా? కాలేజీలో మా సారు వాల్వుల పాఠం చెప్తాంటే నువ్వే గుర్తొస్తివి. ఫోన్లో రికార్డు చేసుకుంటా, చెప్పవ్వా."

బల్బు అనాకు మ్మా. బల్బు ఎలుగిస్తాది, అంతే దాని పని. వాల్వు అట్ల కాదు, సిన్న గొంతును పెద్దగా చేస్తాది. ఈడొచ్చి కూసో. ఆ ఫోను నా కొంగుకు తగలకుండా పెట్టు, లేకుంటే రికార్డులో గరగరమంటాది. ఆ యవ్వారమంతా నాకు తెల్సు గానీ.

మాది కుప్పం కాడ పల్లె గదా. పది పాసైనాక మా యన్న నన్ను రైలెక్కించె. ఆ దినాల్లో కుప్పం నుంచి బెంగుళూరుకు ఇచ్చిన టికెట్టు దుడ్లకు ఇప్పుడు సాక్లెట్టు గూడా రాదులే. ఆడ వాల్వులు చేసే ఫ్యాక్టరీలో నిండా ఆడపిల్లోళ్లమే. యాలంటే ఆ పనికి సన్న వేళ్లు కావాల, ఓపిక కావాల. మా లైనులో తమిళమ్మాయిలుండ్రి, కన్నడమోళ్లుండ్రి, మలయాళమోళ్లుండ్రి. నాకు కుప్పం దెబ్బకు అరవమూ కన్నడమూ ముందే వస్తాండె, అందుకని అందరి మధ్యలో మాటలు మోసేది నేనే.

వాల్వంటే ఎట్లుంటాదంటే, నీ బొటనేలంత గాజుబుడ్డి. కింద తొమ్మిది సూదులు. నెత్తిమీద లోపలిపక్క అద్దానికి పూసినట్ల వెండి మచ్చ. లోపల సిన్న సిన్న రేకులు, వాటి నడాన వెంట్రుక కన్నా సన్నతీగ చుట్టిన జల్లెడ. గాలంతా పీకేసి మూతి కరిగించి మూసేస్తారు. మామూలు రకం రేడియోలకు పోతాది. మా లైన్లో చేసేది మిల్ట్రీ రకం. ఇంగ్లీషులో దానికేందో పేరుండాది, రగ్గడైజ్డు అనో ఏందో, మేము మాత్రం మిల్ట్రీ వాల్వు అంటాంటిమి. అది యుద్ధం ట్యాంకుల్లో, ఇమానాల్లో, వైర్లెస్ పెట్టెల్లో పెట్టేది. బండి గుంతల్లో ఎగిరెగిరి పడినా, పక్కనే గుండు పేలినా దాని లోపల ఏదీ కదలకూడదు. అందుకని లోపలి కమ్మీలు లావు పెడతారు. వాటిని పట్టి నిలబెట్టే అభ్రకం బిళ్లలు, మనం కాకిబంగారమంటామే అదే, మామూలు దాంట్లో పైనొకటి కిందొకటి ఉంటే దీంట్లో రెండేసి పెడతారు. సైజు మాత్రం పెరగకూడదు. అంత సిన్న బుడ్డిలో అంత బలం పట్టించేది సుళువు కాదు మ్మా.

నా పని ఆఖర్న. మొదట్లో తీగలు సూసేదానికి పెట్టిరి, ఆమీట, కాదు, మీ తాతను పెండ్లి చేసుకోకముందే, టెస్టింగుకు మార్చిరి. సెవులకు హెడ్‌ఫోను తగిలించుకోవాల, వాల్వుకు కరెంటియ్యాల, సిన్న రబ్బరు సుత్తితో గాజు మీద తట్టాల. లోపల ఏదన్నా రవంత వదులుంటే టింగ్‌మని గంట మోగినట్ల మోగి, ఆ మోత సాగతా పోతాది. బాగుండే వాల్వయితే తప్‌మని గమ్మునైపోతాది. మిషన్లు గూడా ఉండాయిలే అదిరించి సూసేదానికి. అయినా మా సూపర్‌వైజరు, "రాజమ్మ సెవి ఒప్పుకుంటేనే పెట్టెలో పెట్టండి" అంటాండె. గొప్పలకు సెప్పలా. నా సెవి అట్లాంటిది. ఇప్పటికీ మీ యమ్మ ఫోన్లో 'బాగుండా' అంటే బాగుందో బాగలేదో సెప్పేస్తా.

పెండ్లయినా నేను పని ఇడ్సలా. మీ తాత మదనపల్లెలో మైకుసెట్టు పెట్టుకోనుండె. పెండ్లిండ్లకూ తిరునాళ్లకూ బాడిగకిస్తాండె. ఒక నెలుంటే ఒక నెల ల్యా. నా జీతం లేకుంటే ఇల్లు నడిసేది కాదు. వారమంతా బెంగుళూర్లో హాస్టలు, శనివారం సాయంత్రం బస్సెక్కి మదనపల్లె. మరి మీ యమ్మను సాకిందెవురు? మా వదిన.

వదినంటే మీ తాతకు అక్క, సరోజమ్మ. పుంగనూర్లో ఉండె. మొగుడికి అంగడి, పిలకాయల్లేరు. ఆయమ్మ హరికథ సెప్తాండె మ్మా. కాలికి గజ్జె కట్టి, సేతిలో చిడతలు పట్టుకోని నిలబడిందంటే ఆఖరి వరస దాకా ఇనబడాల్సిందే. కలకడ నుంచి పెద్దతిప్పసముద్రం దాకా ఆయమ్మను పిలవని ఊరు ల్యా. మీ తాత మైకుసెట్టు పెట్టిందే ఆయమ్మ కథల కోసరం. అయితే నిజానికి ఆ గొంతుకు మైకే అక్కర్లేదు, పెట్టాల గాబట్టి పెడతాండ్రి.

నేనంటే రవంత ఎడంగా ఉంటాండె. మీ యమ్మను పలకరించేదానికి పుంగనూరు పోతే, "గాజుబుడ్లు బాగుండాయా రాజమ్మా? నీ బిడ్డ గూడా బాగుండాదిలే" అనేది. నాకు సురుక్కుమనేది. అయినా మాటకు మాట అనలా. మీ యమ్మ తలకు నూనె పెట్టి రెండు జడలేసి, మెడలో పూసలు గుచ్చి అంత బాగా సూసుకునే మనిషి ఒక మాటంటే అననీ అనుకుంటి. నేను పనికి పోయింది తప్పనీ అనుకోలా, అప్పుడూ అనుకోలా ఇప్పుడూ అనుకోను. మాకిద్దరికీ మా పనులంటే పానం. అది ఆయమ్మకూ తెల్సు.

తొంభైలు వచ్చేతలికి ఫ్యాక్టరీలో వాల్వుల పని తగ్గిపాయె. అన్నిటికీ ట్రాన్సిస్టర్లు వచ్చేసె గదా. ఆఖరికి మా లైను మూసేసిరి. ఉండేదుంటే వేరే సెక్షనుకు పోండి, లేకుంటే లెక్క తీసుకోని ఇండ్లకు పోండి అనిరి. నేను వస్తిని. మదనపల్లెలో మీ తాత అంగట్లోనే ఒక పక్క బల్లేసుకోని రేడియోలూ టేపు రికార్డర్లూ బాగుచేస్తా ఉంటిని. టమోటా మండీలో పనిచేసేటోళ్లు ఎంత మంది తెచ్చేటోళ్లు రేడియోలు! అదింకో కథ.

అప్పుడే వదినకు గొంతులో గడ్డ లేసె. ఆపరేషన్ చేసిరి. గడ్డ పాయె, పానం నిలబడె, గొంతు మాత్రం పాయె. అంతా పోలేదులే, గాలి కలిసిన గొంతు. చెంబులోంచి మాట్లాడినట్ల సన్నగా వచ్చేది. "ఇంతే ఇంగ, దీనికన్నా జాస్తి రాదు" అని డాక్టరు సెప్పేసె. వదిన ఏడ్వలా. గజ్జెలు గుడ్డలో మూటగట్టి ట్రంకుపెట్టెలో ఏసె. మనిషి గమ్మునైపాయె. మీ యమ్మ అప్పుడు పుంగనూర్లోనే కాలేజీకి పోతాండె. నాకు ఫోన్ చేసి, "మా, అత్త వాకిట్లో కూసోని వచ్చే పోయే బస్సులు సూస్తాండాది, పిలిస్తే సప్పట్లు కొట్టి పలకతాండాది" అనె. ఊరంతా ఇనేట్టు బతికిన మనిషి సప్పట్లు కొట్టి పలికేది!

నేను మీ తాతతో, "గొంతు సిన్నదైతే పెద్దగా చేసేదానికే గదా నీ మైకుసెట్టు" అంటిని. సెట్టు ఎత్తుకోని పుంగనూరు పోతిమి. వదిన ఒప్పుకోలా మొదట. మీ యమ్మ బతిమాలితే వచ్చి మైకు ముందర నిలబడె. మీ తాత సౌండు పెంచతా పోయె. సగం దాకా బాగానే వస్తాండె. ఆపైన పెంచేతలికి ఊఊఊమని కూత. మైకును దూరం జరిపితే గూడా కూత. వదిన మైకు తట్టు ఒకసారి సూసి లోపలికి పాయె.

మీ తాత, "మైకు కూత ఇది, మనమేం చెయ్యలేము" అనె.

నేను మైకు వైరు పీకేస్తిని. పీకేసి, ఆంప్లిఫైరు పెట్టెను ఏలితో తడితిని. స్పీకర్లో టింగ్‌మని మోగె.

"ఇప్పుడు మైకు ల్యా. మరి ఇదెట్ల మోగతాండాది?" అంటిని.

ఆయన గూడా ఒకసారి తట్టి సూసె. సంగతేందంటే మ్మా, మైకునుంచి వచ్చే సిన్న సద్దును మొట్టమొదట ఎత్తేది ఒక వాల్వుంటాది. అది లోపల వదులుగా ఉండాది. స్పీకరు సద్దుకు పెట్టె అదరతాది, పెట్టె అదిరితే వాల్వు లోపలి రేకులు అదరతాయి, ఆ అదురును గూడా సద్దనుకోని మళ్లా స్పీకరుకు పంపిస్తాది. అట్ల తిరిగి తిరిగి పెరిగి కూతైపోతాది. వదిన ముందటి గొంతుకు సౌండు అంత పెంచే పనే లేకపాయె గాబట్టి ఎవురికీ తెలియలా. ఇప్పుడు పెంచాల్సి వచ్చె, అది బయటపడె.

మీ తాత పాపం, అక్క కోసరం పుంగనూర్లో ఒకాయప్ప దగ్గర కొత్త ట్రాన్సిస్టర్ సెట్టు అడిగి తెచ్చె. అది కూయలా, అది నిజం. బుస్సుమని పాము మాదిరి సద్దొకటి ఎనకాల ఉండె, వదిన గొంతు దాంట్లో కలిసిపాయె. వదిన రెండు మాటలు మాట్లాడి ఆపేసె. "ఇది నా గొంతు కాదప్పా. రేకుడబ్బాలో ఎవురో మాట్లాడతాండారు" అనె. మంచి సెట్లు యాడన్నా ఉండొచ్చు, మాకు దొరికింది అది.

అప్పుడు నేననుకుంటి, మొదటి వాల్వు తావున మిల్ట్రీ వాల్వు పెడితే కూత రాదు. అవే తొమ్మిది సూదులు, అదే గుంత, సరిగ్గా కూసుంటాది. అయితే నా దగ్గర ఒకటన్నా ల్యా. అన్నేండ్లు చేసినా ఒకటీ ఇంటికి తేలేదు మేము. గేటుకాడ సోదా చేస్తారనే కాదు, దేశం సొమ్ము అనుకుంటాంటిమి.

బెంగుళూర్లో మిల్ట్రీ వాళ్లు వద్దనుకున్న సామాను అమ్మే అంగళ్లుంటాయి. మరుసటి వారమే బస్సెక్కితి. అంగడంగడికీ తిరిగితి. వైర్లెస్ పెట్టెలుండాయి, టెలిఫోన్లుండాయి, పారాచూటు గుడ్డ గూడా ఉండాది, వాల్వులంటే మాత్రం నవ్వతారు. "యాల అక్కా, మ్యూజియం పెడతావా" అనె ఒకడు. మధ్యాహ్నం దాటినాక ఒక ముసిలి సాయిబు అంగట్లో మాత్రం ఒక అట్టపెట్టె నిండా ఉండె. అన్నీ కలిసిపోయుండె, గాజు మీది అచ్చు అరిగిపోయుండె. నేను ఎలుతుర్లోకి పట్టి, అభ్రకం బిళ్లలు రెండేసి ఉండేవన్నీ పక్కకు తీస్తి. సాయిబు కండ్లద్దాలు పెట్టుకోని తానూ ఏరేదానికి కూసునె. మంచాయప్ప. ఆయప్ప అంగట్లో పాత ఆంప్లిఫైరొకటుండె, దాన్లో ఒక్కొక్కటీ పెట్టి పెన్సిలుతో తట్టి సూస్తిమి. నాలుగైదు టింగ్‌మనె, పక్కన పెట్టేస్తి. ఆపైన ఒకటి, తట్టితే తప్‌మని... గమ్మున. సాయిబు నా తట్టు సూసె, నేను ఆయప్ప తట్టు సూస్తి. ఇద్దరమూ నవ్వుకుంటిమి. అట్లాంటివి గుప్పెడు దొరికె. మా లైన్లో చేసినవా, బయటి దేశం నుంచి వచ్చినవా అని అడిగితే సెప్పలేను. నాకు మాత్రం మావే అనిపించె. ఇంటికొచ్చి ఒకటి మా సెట్లో మొదటి వాల్వు తావున పెట్టి, మిగిలినవి దాచిపెడితి.

మరి కథ యాడ పెట్టాల? పుంగనూర్లో వద్దంటే వద్దనె వదిన. "నన్నెరిగిన ఊర్లో ఈ గొంతుతో నిలబడను" అనె. అప్పుడు మా యన్నను అడుగుదామని కుప్పం పోతి. మా పల్లె గుడికి పెద్ద మా యన్న క్రిష్ణప్ప. ఎండాకాలంలో మా పల్లెలో మధ్యాహ్నం పూట పందిరి కింద హరికథ పెడతారు. మల్బరీ తోటల్లో పనిచేసేటోళ్లు, పట్టుపురుగులు సాకేటోళ్లు ఎండకు పని ఆపి వచ్చి కూసుంటారు. మా యన్న శానా సేపు తల గీరుకునె.

"గొంతు లేని మనిషి చేత కథ సెప్పిస్తివా అని ఊరంతా నన్ను నవ్వితే?" అనె.

"నవ్వితే నన్ను సూపించు. నా సెల్లెలు సెప్తే ఇంటినని సెప్పు" అంటిని.

ఒక్క మధ్యాహ్నం ఇచ్చె. బాగలేకుంటే మరుసటి దినం నుంచి వేరే భాగవతారు వస్తాడని ముందే సెప్పేసె. వదినకు ఆ మాట నేనే సెప్పేస్తి, దాయలా. ఆయమ్మ ఇని, "దాయకుండా సెప్పితివే, మంచిపని" అనె. ట్రంకుపెట్టె తెరిసి గజ్జెలు తీసె. కాలికి కట్టి సూసుకోని, ఇప్పి, మళ్లా కట్టె. అది సూసి నాకూ రవంత భయమేసె, నిజం సెప్పాలంటే. ఆ ఒక్కసారే.

ఆ దినం బస్సు టాపు మీద సెట్టు కట్టుకోని పోతిమి. దారంతా గుంతలే. మీ తాత, "నీ వాల్వు ఉండాదో పోయిందో" అంటాడు. "యుద్ధం కోసరం చేసింది నాయనా అది, పుంగనూరు బస్సుకు పోతాదా" అంటి.

పందిట్లో జనం బాగానే ఉండ్రి. వదిన నిలబడి మొదలుపెట్టె. గొంతు వచ్చె గానీ సన్నగా వచ్చె. ముందు వరసలో ఆడోళ్లు ఒకరి ముకాలొకరు సూసుకునిరి. ఎనకనుంచి ఎవురో, "ఇనబళ్లా" అనిరి. మా యన్న పందిరి గుంజ కాడ తల వంచుకోని నిలబడె. మీ తాత సెయ్యి సౌండు తిప్పే కాడ ఆగిపాయె. పుంగనూర్లో కూత పెట్టిన సోటు అది. నేను ఆయన సేతి మీద సెయ్యేసి ఇంకా తిప్పితి. కూత ల్యా. ఇంకా తిప్పితి. మృదంగం ఆయప్ప వాయిస్తే కింద పరిచిన పలకలు అదిరి పెట్టె అదరతాండాది, నా సేతి ఏళ్లకు తెలస్తాండాది. అయినా ల్యా. ఏ సద్దూ ల్యా మ్మా, వదిన గొంతు తప్ప.

ఆయమ్మ ఊపిరి పీల్సుకునేది గూడా ఇనబడె పందిరంతా. ఆయమ్మకు గూడా ఇనబడె. ఒక్క సణం ఆగి, స్పీకర్ల తట్టు తల తిప్పి సూసె. ఆపైన ఏం చేసిందో తెల్సా? పాడేది ఇడ్సిపెట్టేసె. పైకి ఎత్తాలని గింజుకునేది ఇడ్సిపెట్టేసి, మాట్లాడేదానికి మొదలుపెట్టె. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథ ఆ దినం. ముందైతే ఆ తావున ఆయమ్మ గొంతెత్తి ఏడిస్తే జనమూ ఏడిసేటోళ్లు. ఈసారి ఏడ్వలా. పక్కింటామె వచ్చి మన సెవిలో సెప్పినట్ల సెప్పె. పిలకాయలు గూడా కదలలా. ఎనక నిలబడినోళ్లు ముందుకొచ్చి కూసునిరి. నేను సౌండు మీద సెయ్యి తియ్యలా, కండ్లెత్తి ఎవురినీ సూడలా, ఇంటా ఉంటి అంతే. అన్నేండ్లు హెడ్‌ఫోన్లో ఏ సద్దూ రాకూడదని ఇన్న సెవులు నాయి. ఆ దినం ఒక మనిషి కోసరం ఇంటి.

కథ అయిపాయె. జనం సప్పట్లు కొట్టిరి. మా యన్న వచ్చి వదినకు దండం పెట్టి, "రేపటికి గూడా ఉండమ్మా" అనె. నాకు ఒక టెంకాయ కొట్టించి ఇచ్చె. పెద్దోడు గదా, నోటితో మెచ్చుకోడు.

వదిన నీళ్లు తాగి, గజ్జెలిప్పుకుంటా, నన్ను పిలిసె. "రాజమ్మా, ఇదేనా నువ్వు బెంగుళూర్లో చేస్తాండింది?"

"ఇదే వదినా."

"మరి అప్పుడే సెప్పకపోతివే" అనె. నేను నవ్వితి.

ఆమీట ఆయమ్మ శానా ఏండ్లు సెప్పె. రెండువేలు దాటినాక గూడా సెప్పె. పుంగనూర్లో గూడా సెప్పె. మెల్లగా సెప్పే సరోజమ్మ అని పేరొచ్చె. ఆ ఏండ్లలోనే బెంగుళూరు నుంచి ఒక పిల్లోడు కారేసుకోని మదనపల్లెకు వచ్చె, సాయిబు పంపించినాడంట. కంప్యూటరు ఉద్యోగం. ఇంట్లో పాటలినేదానికి వాల్వుల ఆంప్లిఫైరు కట్టుకుంటాండాడంట, మిల్ట్రీవైతే సద్దు సుద్ధంగా వస్తాదని ఎతుకుతాండాడంట. సూడు, యుద్ధానికి చేసింది పాటలకు పోతాండాది. సంతోషంగా రెండిస్తి. ఎట్ల తట్టి ఇనాల్నో గూడా నేర్పిస్తి. మదనపల్లె బిరియాని తినిపించి పంపిస్తిమి.

వదిన ఆపేసింది గొంతు వల్ల కాదు, మోకాళ్ల వల్ల. నిలబడలేకపాయె. ఆఖరి దినాల్లో పుంగనూర్లో మంచం మీదుండె. మీ యమ్మ నిన్ను సంకనేసుకోని వచ్చె, నీకు గుర్తుండదు. అందరమూ గదిలో తలా ఒకపక్క నిలబడుంటిమి. వదిన ఏందో సెప్తాండె, ఇనబళ్లా. మీ తాత కండ్లు తుడ్సుకుంటా, "అక్కా, సెట్టు తెచ్చి పెడతా, ఉండు" అనె.

వదిన సెయ్యి ఆడించె. "వద్దప్పా. మీరే దగ్గరికి రాండి" అనె.

పోతిమి. మంచం సుట్టూ కూసుంటిమి. నిన్ను ఆయమ్మ పక్కనే పండబెట్టె మీ యమ్మ... శానా సేపు మాట్లాడె మ్మా. ఇంట్లో మాటలే, ఎవురు తిన్నారు, ఎవురు తిన్లేదు...

సరే, లెయ్. మీ కాలేజీ ఉండే అంగళ్లు ఊరికి బస్సు వచ్చే యాలాయె. నిన్ను పిలిసేటోళ్లు ఉండాల, నువ్వు పోయి పక్కన కూసునేటోళ్లు ఉండాల తల్లీ. సల్లంగుండు. ఆ సంగటి డబ్బా ఎత్తుకున్నావా... ఊరిబిండి పచ్చడి గూడా పెట్టుండా సూడు అడుగున...